కోడలి బొమ్మ మీద అత్తగారి గీతలు

కోడలు చెయ్యి విరగ్గొట్టుకుంది. అదీ కుడిచెయ్యి. కాన్వాసు పై అంచు అందక స్టూలెక్కిందట. స్టూలు చాలక దాని మీద రంగుల డబ్బా బోర్లించి, డబ్బా మీద మునివేళ్ళతో నిలబడిందట మహాతల్లి. డబ్బా ఒకవైపు పోయింది, తనొకవైపు పోయింది. మొగుడు ఆసుపత్రికి తీసుకెళ్ళి, మోచేతి దాకా తెల్లటి కట్టు కట్టించి వెనక్కి తీసుకొచ్చాడు. గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా మొదలెట్టింది.

"అత్తయ్యా, ఎగ్జిబిషను నెత్తిమీదికొచ్చింది, రెండు నెలలే ఉంది. పెద్ద బొమ్మ ఇంకా మొదలే పెట్టలేదు."

"ముందు లోపలికి రా తల్లీ. బొమ్మకి కాళ్ళున్నాయా పారిపోవడానికి? కాళ్ళున్న నువ్వే నిలబడలేకపోయావు" అంది అత్తగారు.

కసిరిందే గాని, కోడలి బాధ ఏమిటో ఆవిడకి తెలుసు. ఈ పిల్ల బొమ్మలు వేసే తీరు లోకంలో అందరి తీరూ కాదు. అందరూ పెన్సిలుతో గీసుకుని రంగు వేస్తారు. ఈమె ముందు రాస్తుంది. ఖాళీ కాన్వాసు మీద, ఆ చివర్నుంచి ఈ చివరికి, వరసలు వరసలుగా. పొద్దున వచ్చిన కల రాస్తుంది, బస్సులో ఎవరితోనో పడ్డ తగువు రాస్తుంది, చిన్నప్పుడు వాళ్ళమ్మ తిట్టిన తిట్లు రాస్తుంది. అంతా రాసి, అప్పుడు దాని మీద రంగు పూయడం మొదలెడుతుంది. ఒక పొర, మీద ఇంకో పొర. బొమ్మ పూర్తయ్యేసరికి రాసినదాన్లో ఒక్క ముక్క కనపడదు. ఎక్కడో ఒక కొమ్ము, ఒక సున్నా అంచు రంగులోంచి తొంగి చూస్తుందంతే.

"చివరికి కప్పేసేదానికి రాయడమెందుకే?" అని అత్తగారు అడగని వారం లేదు.

"రాయకపోతే నా చేతికి దారి తెలీదత్తయ్యా" అంటుంది కోడలు. ఏం రాసిందో మాత్రం చెప్పదు.

అక్కడే అత్తగారికి లోపల కెలుకుతుండేది. తన మీద చాడీలన్నీ అక్కడ రాసి, పైన నీలం రంగు పూసి, ఊళ్ళో గోడలకి తగిలిస్తోందేమోనని అనుమానం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కళ్ళజోడు తుడుచుకుని ముక్కు ఆనించి మరీ చూసింది. ఒకసారి ముక్కుకి పసుపు రంగు అంటుకుని కొడుకు ముందు దొరికిపోయింది కూడా.

ఇప్పుడు చూస్తే కోడలి కుడిచెయ్యి కట్టులో ఉంది. "రంగు ఎడమచేత్తో పూసేయగలను. రాయడమే కుదరట్లేదు. ఎడమచేత్తో రాస్తుంటే అక్షరం ఎలా తిప్పాలా అనే చూసుకుంటున్నాను, చెప్పాల్సింది కాస్తా ఎగిరిపోతోంది" అని వాపోయింది.

"దానిదేముంది, నువ్వు చెప్పు, నేను రాస్తాను" అన్నాడు కొడుకు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం వాడిది. అన్నీ నిటారుగా ఉంటే గాని తోచదు. స్కేలు తెచ్చి కాన్వాసు మీద గీతలు కొట్టాడు. ఎడమవైపు మార్జిన్ వదిలాడు. కోడలు ఒక మాట చెబితే వీడు రెండు ప్రశ్నలు వేశాడు.

"'ఆ రోజు గాలి నన్ను గుర్తుపట్టింది' ఏంటే? గాలి ఎలా గుర్తుపడుతుంది?"

"నువ్వు రాయవయ్యా బాబూ."

"రాస్తాలే. అర్థమైతే ఇంకాస్త బాగా రాస్తానని."

"వద్దు. నువ్వెళ్ళి లిఫ్టులు చూసుకో."

అలా వాడి పని ముగిసింది. గీతలు చెరపడానికి మళ్ళీ ఓ తెల్లపూత పట్టింది. కోడలు ఆ కాన్వాసు ముందు మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూచుంది. తినమంటే తినలేదు. టీ ఇస్తే చల్లారిపోయేదాకా చూస్తూ ఉంది. అత్తగారికి తిట్టడానికి మనిషి ఎదురుగా ఉండి కూడా తిట్టాలనిపించలేదు.

"లే. దాన్ని భోజనాల బల్ల మీద పడుకోబెట్టు. నేను రాస్తాను."

"మీరా?"

"ఏం? నేను రాసిన దాని మీద ఎంతమంది జైలుకి పోయారో, ఎంతమంది ఇంటికి పోయారో నీకేం తెలుసు?"

నిజమే. అత్తగారు కోర్టులో స్టెనో. రిటైరైంది గాని, చూపుడువేలికి పెన్సిలు కాయ ఇంకా కరగలేదు. జడ్జీలు చెప్పింది, వకీళ్ళు అరిచింది, సాక్షులు నసిగింది అంతా ఆవిడ చేతికిందుగా పోయినదే. బోనులో నిలబడ్డవాడు పచ్చి అబద్ధం ఆడుతున్నాడని తెలిసి కూడా పెన్సిలు తొణక్కుండా రాసిన మనిషి. అన్నేళ్ళలో తన మాట ఒక్కటి కలపలేదు. అవతలివాడి దగ్గు తప్ప అన్నీ రాసింది, తన నిట్టూర్పు ఒక్కటీ రాయలేదు.

కాన్వాసు భోజనాల బల్లకి రెండువైపులా రెక్కల్లా పొడుచుకొచ్చింది. ఇక ఆ ఇంట్లో తిండి వంటింట్లో నిలబడే. అత్తగారు మెత్తటి పెన్సిలు ఒకటి ఏరుకుని, మొన చెక్కుకుని, కుర్చీ లాక్కుంది.

"దేన్ని గురించి?"

"నేను ఈ ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు గురించి."

అత్తగారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. పైకి మాత్రం కోర్టు మొహం పెట్టింది. "ఊఁ, కానీ."

కోడలు బల్ల చుట్టూ తిరుగుతూ, కళ్ళు సగం మూసుకుని చెప్పడం మొదలెట్టింది. చెప్పడమా అది! గండి పడ్డ కాలవ. అత్తగారు రెండు వరసలు మామూలు అక్షరాల్లో రాసి, "ఆగాగు!" అంది. కోడలు ఆగింది. ఆగి, మళ్ళీ అందుకోబోతే నోట మాట లేదు.

"పోయిందత్తయ్యా. ఆపితే పోతుంది."

"అయితే ఆపకు. నేను షార్ట్‌హ్యాండులో కొట్టేస్తాను. నీ నోరు ముందో నా పెన్సిలు ముందో చూద్దాం."

"నాకది చదవడం రాదే!"

"చదివేదెవరు? ఎలాగూ రంగు పూసి పాతిపెడతావుగా."

ఇక చూడాలి ఆ పెన్సిలు పరుగు. వంపులు, కొక్కేలు, సన్నగీత, లావుగీత, పక్కన ఓ చుక్క. వాన వెలిశాక ఇసుకలో పిట్టలు తిరిగినట్టు కాన్వాసంతా జాడలు పడుతున్నాయి. కోడలు చెబుతోంది. అత్తగారు వింటోంది, రాస్తోంది. ఇలా ఎంత హాయిగా ఉందో అనుకుంటుండగా కోడలి నోట్లోంచి ఓ ముక్క రాలింది.

"ఆయన నన్ను లోపలికి తీసుకొచ్చాడు. అత్తయ్య కిటికీ వైపు తిరిగి కూచుంది. నా మొహం చూడలేదు. నేను తెచ్చిన పూలు బల్ల మీదే ఉండిపోయాయి. ఆ రోజు ఆ గది అంతా ఆవిడ వీపే."

పెన్సిలు ఆ మాటలు రాసింది. రాసి, ఆగింది. కోడలు ఊపిరి తీసుకోవడానికి కిటికీ దగ్గర నిలబడింది. ఆ కాస్త సందులో, కోర్టు జీవితంలో ఎన్నడూ చెయ్యని పని చేసింది అత్తగారు. తన మాట రాసింది.

"ఇది తప్పు. ఆ రోజు నాకు పన్ను నొప్పి. దవడ గుమ్మడికాయంత వాచింది. కాబోయే కోడలికి మొదటిసారే ఆ మొహం చూపించలేక కిటికీ వైపు తిరిగాను. పూలు నేనే నీళ్ళలో పెట్టాను, ఈ పిల్ల వెళ్ళాక."

రాశాక తలెత్తి చుట్టూ చూసింది. ఎవరూ అరవలేదు. జడ్జి బల్ల గుద్దలేదు. కోడలు వెనక్కి తిరిగి మళ్ళీ అందుకుంది, ఏమీ తెలీకుండా.

ఒకసారి గడప దాటిన కాలు ఊరుకుంటుందా? కోడలు ఊపిరి తీసుకున్నప్పుడల్లా అత్తగారు ఓ ముక్క దూర్చింది. "బ్రష్షులు వంటింటి సింకులో కడగొద్దని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది." "మొన్న నా టీకప్పులో బ్రష్షు ముంచింది. చూసుకోకుండా తాగాను. చెబితే నవ్వుతుందని చెప్పలేదు. రుచి మరీ అంత చెడ్డగా లేదు." "నా కొడుకు ఈ పిల్లకి భయపడతాడు. మంచిదే, నాకెటూ భయపడలేదు." అలా రాసుకుంటూ పోయి, చివరి వరసకొచ్చేసరికి ఆ పెన్సిలు ఆవిడని అడక్కుండానే ఇంకొకటి రాసేసింది.

"ఇల్లంతా రంగు కంపని రోజూ సణుగుతాను గాని, ఇది ఊరెళ్ళినప్పుడు దాని గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఆ వాసన పీల్చుకుంటూ కూచుంటాను."

రాసింది తనే అయినా ఒంటరిగా బట్టలు మార్చుకుంటుంటే ఎవరో తలుపు తీసినట్టు ఉలిక్కిపడింది. చెరిపేద్దామనుకునేలోగా కోడలు, "అయిపోయిందత్తయ్యా!" అంటూ వచ్చి మెడ చుట్టూ ఎడమచెయ్యి వేసింది. కట్టు ఉన్న చెయ్యి ఆవిడ నెత్తికి ఠంగున తగిలింది.

"నీ చెయ్యి విరిగింది చాలదని నా తల కూడా పగలగొట్టు" అంది అత్తగారు. పోనీలే, రేపు రంగు పడుతుంది, అన్నీ మట్టి కిందికి పోతాయి అని స్థిమితపడింది. ఆ సంతోషంలో, తనతోపాటు పక్క కోర్టులో స్టెనోగా చేసి రిటైరైన పొడుగాయనకి ఫోను చేసి, "మా కోడలి ఎగ్జిబిషనుకి తప్పకుండా రండి. పెద్ద బొమ్మలో నా చెయ్యి కూడా ఉంది" అని గొప్పలు పోయింది.

మర్నాడు కాన్వాసు గోడకి నిలబెట్టారు. కోడలు రంగు కలిపింది, బ్రష్షు ఎత్తింది, దించింది. వెనక్కి నడిచింది. మళ్ళీ దగ్గరికొచ్చింది. అత్తగారు బీన్సు తుంచుతూ ఓ కంట చూస్తోంది.

"ఏం, ఎడమచెయ్యి మొరాయిస్తోందా?"

"అత్తయ్యా, దీన్ని నేను కప్పను."

చేతిలో బీన్సు చేతిలోనే ఉండిపోయింది. "అదేంటి?"

"మీరు చూడండి ఒకసారి. ఇక్కడ గీత ఎలా పల్చనై మళ్ళీ లావెక్కిందో. ఇలా నేను ఎన్నేళ్ళు గీసినా నా చేతికి రాదు. అక్షరాలైతే చదివేస్తాం, ఇంక గీతని చూడం. ఇది చదవలేను కాబట్టి చూస్తూనే ఉన్నాను. చుట్టూ పల్చగా ఇటుక రంగు పోనిచ్చి ఇలాగే వదిలేస్తాను."

"వదిలేస్తావా! నీ సొంత సంగతులు ఊరందరికీ..."

"నావేగా. పోనీండి. అయినా ఎవరికొచ్చు చదవడం?"

అత్తగారికి కళ్ళముందు పొడుగాయన నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, కళ్ళజోడు ముక్కుకొసకి జారుతుంది, ఏ కాగితం కనపడ్డా పైకి చదవకుండా ఉండలేడు. కోర్టు గేటు మీద నోటీసు కూడా పెద్ద గొంతుతో చదివేవాడు. వేరే ఎవర్నైనా మోసం చెయ్యొచ్చు, షార్ట్‌హ్యాండులో తన అంతటివాడు ఆయనొక్కడే. వెంటనే ఫోను చేసింది. "మీకు ఆ రోజు పనులుంటాయేమో, రాకపోయినా ఏమీ అనుకోను" అంది. "భలేవారే స్టెనోగారూ, కొత్త చొక్కా కుట్టించుకుంటున్నాను" అన్నాడాయన.

ఆవిడ ఇక స్థిమితంగా కూచోలేదు. ఇటుక రంగు గీతల మధ్యకి మెల్లగా పాకుతుంటే, తన మాటలు ఇంకా పైకి తేలుతున్నట్టు అనిపించింది. ఇలా ఉండగా గ్యాలరీ ఆవిడ వచ్చి బొమ్మ చూసి, చేతులు జోడించినంత పని చేసింది. వెళ్తూ వెళ్తూ, "ఇందులో ఏం రాసుందో పక్కన చిన్న బోర్డు మీద పెడదామండీ. రెండు ముక్కలు రాసి పంపండి" అంది.

కోడలు అత్తగారిని బొమ్మ ముందు కూచోబెట్టింది. "చదవండత్తయ్యా. నేనేం చెప్పానో నాకే గుర్తు లేదు."

అత్తగారు గొంతు సవరించుకుంది. వేలు పెట్టి మొదటి వరస నుంచి చదివింది. కోడలి మాటలు చదివింది. తన మాట వచ్చిన చోటల్లా వేలు గబుక్కున జరిపి, దగ్గి, కింది వరసలోకి దూకింది. కాస్త దూరం బాగానే సాగింది.

"ఆగండాగండి. ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా చదవలేదు మీరు."

"అదా? అది... విరామం."

"ఇంత పొడుగు విరామమా? ఇందాక పైన కూడా ఒకటి దాటేశారు. కళ్ళు మూసుకుని బొమ్మలేస్తున్నానా నేను? చెప్పింది కొంచెం, రాసింది ఎక్కువ." కోడలు వంగి ఆవిడ మొహంలోకి చూసింది. "అత్తయ్యా. ఏం చేశారు?"

ఇంక దాచి లాభం లేదు. నేరం ఒప్పుకునేవాళ్ళు అన్నేళ్ళుగా బోనులో ఎందుకంత చెమటలు కక్కేవారో అప్పుడర్థమైంది ఆవిడకి.

"నువ్వు చెప్పింది చెప్పినట్టే రాశాను. ఒక్క ముక్క మార్చలేదు. కాకపోతే... మధ్యమధ్య నావి కూడా పడ్డాయి."

"మీవా?"

"నువ్వు కప్పేస్తావు కదా అని!"

"చదవండి."

అత్తగారు చదివింది. కిటికీ ముక్క దగ్గరకొచ్చేసరికి గొంతు చిన్నదైంది. పన్ను నొప్పి, వాచిన దవడ, నీళ్ళలో పెట్టిన పూలు. చదివి తలెత్తి చూసింది. కోడలు కింద నేలమీద కూచుని ఉంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"పన్ను నొప్పా?" అంది. "అది పన్ను నొప్పా! ఆ వీపుని నేను ఎన్ని బొమ్మల కింద రాశానో తెలుసా మీకు? నేను మీకు నచ్చలేదనుకున్నాను. ఇన్నేళ్ళూ. ప్రతి బొమ్మలోనూ అటు తిరిగి కూచున్న ఒక మనిషి ఉంటుంది, అందరూ అదేదో గొప్ప తాత్వికత అంటారు."

"నచ్చడానికీ నచ్చకపోవడానికీ నా బుర్ర నా దగ్గరుంటేగా? ఆ పన్ను పీకించుకునేదాకా నాకు ఎవరూ నచ్చలేదు. కన్నకొడుకే నచ్చలేదు."

"చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగావా? వెళ్ళి గోడల మీద రాసుకున్నావు."

కోడలికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలీనట్టుంది, రెండూ కలిపి కానిచ్చేసింది. తర్వాత టీకప్పు సంగతి చదివేసరికి ఇక నవ్వే మిగిలింది. అత్తగారు చివరి వరస దాకా వచ్చి, "అంతే" అంది.

కోడలు కళ్ళు తుడుచుకుని లేచింది. "మీ మాటలు మీవి. కప్పేయమంటే మొత్తం కప్పేస్తాను. బోర్డూ వద్దు, ఏమీ వద్దు. నేను గ్యాలరీ ఆవిడకి సర్దిచెప్పుకుంటాను."

పెద్ద బొమ్మ. ఎగ్జిబిషనుకి తీసుకెళ్ళే రోజు దగ్గరపడింది. ఆ పిల్ల నిజంగానే కప్పేస్తుంది, మాటిస్తే తప్పదు. అత్తగారు కాన్వాసు వంక చూసింది. ఇంత బతుకు బతికి, ఎందరి మాటలో రాసి, తనవంటూ రాసుకున్నవి ఇవే. కప్పేస్తే బతికిపోతుంది. పొడుగాయన వచ్చి ఇటుక రంగు చూసి టీ తాగి వెళ్ళిపోతాడు. తను మళ్ళీ ఏమీ అనని మనిషి అయిపోతుంది.

"ఆ బ్రష్షు ఇలా ఇవ్వు" అంది.

కోడలు ఇచ్చింది. అత్తగారు కష్టపడి వంగి, అడుగున చివరి వరస వెతుక్కుని, దాని మీద ఇటుక రంగు పూసింది. రంగు కాస్త పక్కకి పోయింది.

"ఒకే చోట రుద్దకండి. గీత వెంబడే పోనివ్వండి. ఆఁ, అలా." కోడలు చూసి, "అది మీరు చదవలేదు" అంది.

"లేదు."

"ఏముంది అందులో?"

"నువ్వు ఇన్ని బొమ్మలేశావు. వాటికింద ఏముందని అడిగితే చెప్పావా ఎప్పుడైనా?"

అత్తగారు రెండో పూత కూడా వేసింది. వేస్తుంటే ఒక సంగతి చేతికి తెలిసింది. మాట పోవట్లేదు. రంగు కింద పడుకుంటోంది. పైన ఆ చోటు మిగతా చోట్లలా లేదు, లోపల ఎవరో ఉన్న గదిలా ఉంది. రాయడమెందుకు, కప్పడమెందుకని వారం వారం తనడిగిన ప్రశ్న ఇక అడగాల్సిన పని లేదు.

"మిగతావి ఉంచు. పన్ను నొప్పీ, సింకూ, అన్నీ. చదువుకోనీ" అంది బ్రష్షు తిరిగిచ్చేస్తూ.

ఎగ్జిబిషను రోజున పొడుగాయన కొత్త చొక్కాలో వచ్చాడు. బొమ్మ ముందు నిలబడి, కళ్ళజోడు ముక్కుకొసకి దించి, "ఓహో!" అన్నాడు. పైకి చదవడం అందుకున్నాడు. ఆ గొంతుకి గది ఆ మూలనున్నవాళ్ళు కూడా వచ్చి చేరారు. గుమ్మడికాయ దవడ దగ్గర నవ్వులు, టీకప్పు దగ్గర ఇంకా పెద్ద నవ్వులు. కొడుకు వెళ్ళి ఆ కప్పు ఏ రంగుదో కూడా అందరికీ చెబుతున్నాడు. అత్తగారు స్తంభం వెనకాల దాక్కుంది. కాసేపయ్యాక, ఎవరో చిన్నామె వచ్చి "ఆ అత్తగారు మీరేనా? మా అత్తగారు కూడా అటు తిరిగి కూచుంటారండీ, పన్ను చూపించమని అడుగుతాను" అంది. అప్పుడు మెల్లగా బయటికొచ్చింది. కొంగు సర్దుకుంది.

పొడుగాయన అడుగు వరస దాకా వచ్చి ఆగిపోయాడు. మోకాళ్ళు పట్టుకుని వంగాడు. రంగులోంచి కొంచెం పైకి కనపడుతున్న ఓ వంపుని అటునుంచీ ఇటునుంచీ చూశాడు. "ఇక్కడేదో ఉంది స్టెనోగారూ. ఇది దొరకట్లేదు."

"దొరక్కూడదనే కప్పారండీ" అంది కోడలు, అత్తగారికంటే ముందే.

ఇంటికి నడిచి వస్తుంటే కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. కట్టు తీసేశారు గాని, ఆ చెయ్యి ఇంకా సన్నగా, పాలిపోయి ఉంది.

"తర్వాతి బొమ్మకి కూడా మీరే రాయాలి."

"నీ చెయ్యి వచ్చేసిందిగా?"

"నేను రాస్తే నావే ఉంటాయి."

అత్తగారు ఆ సన్నటి చెయ్యి మీద తన రెండో చెయ్యి వేసింది.

"సరే గాని, ఈసారి కాస్త నిదానంగా చెప్పు. నువ్వలా వాగుతూ పోతే నావి రాసుకోవడానికి సందెక్కడిదే?"